తొమ్మిది మిల్లీమీటర్లు

ఆ జంతువుల ఆసుపత్రిలో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. అందరికీ ఆమె సీసాలక్క. ఆపరేషన్ గదిలో ఏ కుక్క ఒంట్లోంచి ఏ గడ్డ తీసినా, అది వరండా చివరి గదిలో ఆమె బల్ల మీదికి రావలసిందే. ఆమె దాన్ని కుళ్ళిపోకుండా ఫార్మలిన్ మందు సీసాలో నానబెడుతుంది. నాని గట్టిపడ్డాక స్కేలుతో కొలుస్తుంది, పలచగా కోస్తుంది, మైనంలో బిగిస్తుంది, గాజుపలకల మీదికి ఎక్కించి రంగు వేస్తుంది. ఆ పలకలను మైక్రోస్కోపులో చూసి, కేన్సరో కాదో, ఎంతవరకు పాకిందో తేల్చి సంతకం పెట్టేది పెద్ద డాక్టరు. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. సాయంత్రం ఇంటికెళితే అత్తగారు గుమ్మంలోనే ముక్కు మూసుకుని, "వచ్చిందమ్మా మా ఇంటి మందులకొట్టు" అనేది.

ఆ రోజు చిన్న డాక్టరు ముక్కను సీసాలో వెయ్యకుండా ట్రేలో పెట్టుకుని తనే పట్టుకొచ్చింది. ఆమె ఆసుపత్రిలో చేరి రెండేళ్ళు కాలేదు. చేతి గ్లౌజులు కూడా ఇంకా తియ్యలేదు.

"అక్కా, దీన్ని మందులో వెయ్యకముందే ఒకసారి కొలిచిపెట్టవా? టైలరమ్మగారి కుక్క. వెనక కాలి మీద గడ్డ, మోకాలి కింద. అక్కడ చర్మం ఎంతుంటుంది చెప్పు! లాగి లాగి కుట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది."

అలాంటి కేన్సర్ గడ్డ తీసేటప్పుడు గడ్డ ఒక్కటే తీస్తే సరిపోదు. కంటికి కనపడని కేన్సర్ కణాలు దాని అంచు దాటి నడిచిపోయి ఉంటాయి. అందుకని చుట్టూ మంచి చర్మం కూడా కొంత మేర కోసి తీస్తారు. ఆ రకం గడ్డకు పది మిల్లీమీటర్లు ఉండాలన్నది ఆసుపత్రి నియమం. చిన్న డాక్టరు జాగ్రత్త మనిషి. కుక్క ఒంటి మీద స్కేలు పెట్టి, పెన్నుతో చుట్టూ పదమూడు గీసి మరీ కోసింది. గడ్డ అడ్డకొలత పద్దెనిమిది. రెండూ కేసు కాగితంలో రాసింది.

సీసాలక్క ట్రేలోని ముక్కను కొలిచింది. చుట్టూ చర్మం పదకొండు వచ్చింది.

"అదేంటక్కా! పదమూడు గీశాను కదా. రెండు ఏమయ్యాయి?"

"ఎవరూ దొంగిలించలేదులే తల్లీ. ఒంటి మీద ఉన్నంతసేపే చర్మానికి బిగువు. కోసి తీశాక రబ్బరు బ్యాండు వదిలేసినట్టే. ఇంకా ఫార్మలిన్ వంతు మిగిలే ఉంది."

పెద్ద డాక్టరు ఏదో సమావేశానికి వెళ్ళి నాలుగు రోజులు రాలేదు. ముక్క నాలుగు రోజులూ సీసాలోనే ఉంది. ఐదో రోజు తీసి కొలిస్తే గడ్డ పద్దెనిమిది కాస్తా పదిహేనైంది. చుట్టూ చర్మం తొమ్మిది.

చుట్టూ తీసిన మంచి చర్మం కొలత రాయడానికి రిపోర్టు కాగితంలో 'అంచు' అన్న గడి ఒకటే ఉంటుంది. అందులో ఆమె చిన్న అక్షరాలతో 'తాజాగా 11, ఫార్మలిన్ తర్వాత 9' అని ఇరికించి రాసింది. పెద్ద డాక్టరు పలకలు చూడటం ముగించి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఆమెను పిలిచాడు.

"గడి ఒకటే ఉంది. అంకెలు రెండున్నాయేంటి?"

"ముక్క ముడుచుకుందండి. కుక్క ఒంటి మీదైతే పదమూడు. కేసు కాగితంలో ఉంది."

"ఒంటి మీదిది ఆవిడ రాసుకున్న మాట. నా బల్ల మీదిది నేను చూసే మాట. సంతకం ఎవరిది?"

"మీదేనండి."

"మరి?"

ఆయన పదకొండును అడ్డంగా కొట్టేశాడు. తొమ్మిది మిగిలింది. దాని పక్కన 'చాలదు' అని రాశాడు.

అంచు దరిదాపుల్లో ఒక్క కేన్సర్ కణం కూడా లేదని సీసాలక్కకు తెలుసు. పలకలను ఆయన చూసేముందు, రంగు సరిగ్గా పట్టిందో లేదో ఆమె చూస్తుంది. చూసీ చూసీ ఆమె కళ్ళకు కూడా విద్య వచ్చేసింది. "మీ పది మిల్లీమీటర్ల లెక్క బతికున్న చర్మానిది కదండీ, సీసాలో ముడుచుకున్న తోలుకు ఎలా పెడతారు?" అన్న మాట గొంతు దాకా వచ్చింది. కిందటేడు ఇలాగే ఏదో అన్న పాపానికి ఆయన ఆమె ముందున్న సీసాలను చూపించి, "అవి కడగడం అయిందా?" అని అడిగాడు, నలుగురిలో. అది గుర్తొచ్చింది. "సరేనండీ" అని కాగితం తీసుకుని వచ్చేసింది.

చిన్న డాక్టరు మాత్రం ఊరుకోలేదు. ఆయన గదిలోకి వెళ్ళింది, పావుగంట తర్వాత ముఖం కందగడ్డ చేసుకుని బయటికొచ్చింది.

"రేపు ఆ కుక్కకు గడ్డ తిరగబెడితే నువ్వు జవాబు చెప్తావా అన్నాడక్కా."

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే డాక్టరు ఎక్కడా పుట్టలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే అడిగాడు.

టైలరమ్మ ఆసుపత్రికి రెండు వీధుల అవతల, మందులషాపు పక్క సందులో బట్టలు కుట్టేది. అరవై దాటిన మనిషి. భర్త పోయాడు, కూతురు వేరే చోట కాపురం. కుక్క పేరు గుండీ. నల్లగా, గుండ్రంగా, చిన్నగా ఉండేది కాబట్టి ఆ పేరు. రోజంతా మిషను కింద, తొక్కుడు పలక పక్కన పడుకునేది. వచ్చే బేరం వీధి మలుపులో ఉండగానే లేచి తోక ఊపేది.

బయటి హాల్లో పెద్ద డాక్టరు ఆమెకు చెప్పడం సీసాలక్క తలుపు చాటునుంచి విన్నది. "కేన్సర్ కొంచెం మిగిలిపోయి ఉండొచ్చు. అక్కడ మళ్ళీ కోయడానికి చర్మం లేదు. కాలు తీసేస్తే నిశ్చింత."

"కాలంటే... మొత్తమా బాబూ?"

"మూడు కాళ్ళతో కుక్కలు హాయిగా తిరుగుతాయి. ప్రాణం ముఖ్యమా, కాలు ముఖ్యమా?"

ఆ మాటకు ఎవరు ఎదురు చెబుతారు? టైలరమ్మ కాగితం మీద సంతకం పెట్టింది. సీసాలక్క తలుపు చాటునే ఉండిపోయింది.

తర్వాతి మంగళవారం పొద్దున ఆ కాలు ఆమె బల్ల మీదికి వచ్చింది. ఆకుపచ్చ గుడ్డలో చుట్టి ఉంది. గుడ్డ విప్పితే చిన్న నల్లని కాలు, మోకాలి కింద చిన్న డాక్టరు కుట్టిన కుట్టు. సన్నగా, శుభ్రంగా మానిన కుట్టు. ఎక్కడా వాపు లేదు. వెంట్రుకలు కూడా మళ్ళీ మొలుస్తున్నాయి.

ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండిపోయింది.

మామూలుగా అయితే కుట్టు దగ్గర మూడు నాలుగు చోట్ల కోసి పలకలు చేస్తే చాలు. ఆమె ఆ కుట్టు మొత్తాన్ని, చుట్టూ ఉన్న చర్మాన్ని, కింద కండను వదలకుండా కోసింది. నలభై రెండు పలకలయ్యాయి. రంగు వేసి, ఆరబెట్టి, చిన్న డాక్టరును పిలిచింది. ఇద్దరూ ఒక మధ్యాహ్నమంతా వంతులవారీగా మైక్రోస్కోపులో తలదూర్చారు. భోజనం డబ్బాలు మూత తియ్యకుండానే ఉండిపోయాయి. నలభై రెండు పలకల్లోనూ మానిన చర్మం, ఆరోగ్యమైన కండ. కేన్సర్ కణం ఒక్కటంటే ఒక్కటి లేదు.

"తీయకముందు నూటికి నూరుపాళ్ళు లేదని చెప్పగలిగేవాళ్ళం కాదక్కా," అంది చిన్న డాక్టరు నెమ్మదిగా. "కానీ ఆ పదమూడును లెక్కలోకి తీసుకుని ఉంటే కనిపెట్టుకుని చూద్దామనేవాళ్ళం. నెలకోసారి తీసుకు రమ్మనేవాళ్ళం. కాలు తీద్దామని ఎవరూ అనరు."

పెద్ద డాక్టరు ఆ పలకలు చూసి నవ్వాడు. "కేన్సర్ లేదా? మంచిదేగా! టైలరమ్మకు శుభవార్త చెప్పండి."

సీసాలక్క ఇరవై రెండేళ్ళలో ఆయన ముందు గొంతు పెంచలేదు. ఆ రోజు పెంచింది.

"కాలు తీసేసి శుభవార్తంటారేంటండీ?"

"ఏమన్నావ్?"

"గడ్డ కూడా పద్దెనిమిది నుంచి పదిహేనైంది. ఆ మూడు మిల్లీమీటర్లు ఎవరు తిన్నారు, ఎలకలా? గడ్డను ముడిచిన మందే చర్మాన్నీ ముడిచింది. ఆ రోజే చెప్పాను. మీరు కొట్టేశారు."

"ప్రపంచమంతా సీసాలో ముక్కనే కొలుస్తుంది. నీకోసం కుక్కల్ని బతికుండగా నీ బల్ల మీద పడుకోబెట్టాలా? పో, పని చూసుకో."

ఇంటికెళ్ళి ఆమె గిన్నెలు ధడాధడా తోమింది. అత్తగారు కాసేపు చూసి, "నీ కోపం పుణ్యమా అని గిన్నెలైనా తళతళలాడుతున్నాయి. ఎవరి మీదే ఇంత కోపం?" అంది.

"మా పెద్ద డాక్టరు మీద అత్తయ్యా."

"ఆయన మీదైతే ఆయన గిన్నెలు తోమాలి గానీ, మనవేం చేశాయి?" అని, కోడలి ముఖం చూసి వెటకారం మానేసింది. "ఆ కుక్క తాలూకు మనిషికి తెలుసా?"

"తెలీదు."

"మరి ఆవిడకు చెప్పకుండా నా గిన్నెలకెందుకు చెప్తున్నావే?"

మర్నాడు ఆదివారం. సీసాలక్క టైలరమ్మ సందుకు వెళ్ళింది. మిషను కింద గుండీ పడుకుని ఉంది. లేవబోయి, లేని కాలిమీద బరువు పెట్టి పక్కకు ఒరిగింది. మళ్ళీ లేచింది. సీసాలక్క నిలబడే అంతా చెప్పింది. పదమూడు, పదకొండు, తొమ్మిది. తను కాగితం మీద రాసింది, ఆయన కొట్టేసింది, నలభై రెండు పలకల్లో ఏమీ లేకపోవడం.

టైలరమ్మ చేతిలోని సూదిని దిండుకు గుచ్చి పక్కన పెట్టింది.

"అంటే మందులో వేస్తే ముడుచుకుంటుందని నీకు ముందే తెలుసు."

"తెలుసమ్మా."

"ఇరవై రెండేళ్ళ నుంచీ తెలుసు."

"తెలుసు."

"నేను ఆ హాల్లో కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు నువ్వెక్కడున్నావ్?"

"తలుపు వెనకాల."

టైలరమ్మ గుమ్మం వైపు వేలు చూపించింది. "నువ్వు ముందు నా కొట్లోంచి బయటికి నడువు," అంది.

సీసాలక్క బయటికి నడిచింది. ఆ మాట తనకు తగినదేనని తెలుసు.

సోమవారం పదిగంటలకు, హాలంతా కుక్కలతో, పిల్లులతో, వాటి మనుషులతో కిక్కిరిసి ఉన్నప్పుడు, టైలరమ్మ గుండీని చంకనెత్తుకుని వచ్చింది. పెద్ద డాక్టరు అప్పుడే గదిలోంచి బయటికొస్తున్నాడు.

"బాబూ, ఒక్క మాట. కొత్త గుడ్డ వస్తే నేను ముందు నీళ్ళలో నానబెడతాను. ఎందుకో తెలుసా? ముడుచుకుంటుందని. ఇది మా సందులో అక్షరమ్ముక్క రానివాళ్ళకు కూడా తెలుసు. ఉతికి ముడుచుకున్న చొక్కా పట్టుకొచ్చి, నువ్వు కత్తిరించిందే కురచ అంటే నేనొప్పుకోను. మీరు మందులో ముడుచుకున్న తోలు కొలిచి, ఆ పిల్ల కోసింది చాలలేదన్నారు. దానికి నా కుక్క కాలు తీసేశారు."

ఎవరి చేతిలోనో పిల్లి అరిచింది.

"ఇవన్నీ మీకెవరు చెప్పారమ్మా?"

టైలరమ్మకు కోపం ఎంత ఉన్నా మనిషిని పట్టివ్వలేదు. వరండా చివరి నుంచి సీసాలక్క నడుచుకుంటూ వచ్చింది.

"నేనే చెప్పానండి."

ఆ మర్నాటి నుంచి ఆమె పని జంతువుల పక్కగుడ్డలు ఉతికే గదిలోకి మారింది. కారణం అడిగితే 'తాత్కాలికం' అన్నారు. ఆవిరిలో, తడి దుప్పట్ల మధ్య ఆమె పళ్ళు కొరుకుతూ నిలబడింది. వారం తర్వాత చిన్న డాక్టరు చంకలో కాగితాల కట్టతో అక్కడికి వచ్చింది.

"అక్కా, ఆరేళ్ళ కేసు కాగితాలు తీశాను. ఒంటి మీద కొలిచిన అంకెలు, రిపోర్టులో అంకెలు పక్కపక్కన పట్టీగా రాశాను. మూడొందల పన్నెండు కుక్కలు. దాదాపు ప్రతి దానిలోనూ గడ్డ తగ్గింది, అంచు అంతకన్నా ఎక్కువ తగ్గింది. నాలుగో వంతు, కొన్నిట్లో మూడో వంతు."

"మరి రెండోసారి కోసినవి?"

చిన్న డాక్టరు తల దించుకుంది. "ఒంటి మీద పది దాటి ఉండి, రిపోర్టులో చాలదని రాసి, మళ్ళీ కోసినవి పందొమ్మిది. కాలు, చెవి, తోక. ఆ రెండో ముక్కల్లో కేన్సర్ దొరికింది రెండిట్లోనే. ఆ రెండూ లేకపోతే నియమమే వద్దనేదాన్నేమో. నియమం మంచిదే అక్కా. కొలత వేరే చోట పెట్టారంతే."

సీసాలక్క తడి చేతులు తుడుచుకుని ఆ పట్టీ తీసుకుంది. ఆ పందొమ్మిది రిపోర్టుల గడుల్లోనూ అంకె వేసింది తన చెయ్యే. ఎవరిమీదని కోప్పడాలి? ఆయన మీద కోపం అలాగే ఉంది, అర అంగుళం కూడా తగ్గలేదు. దాని పక్కనే తన మీద తనకు ఇంకో కోపం వచ్చి కూర్చుంది.

చిన్న డాక్టరు ఆ పట్టీని ఆసుపత్రి కమిటీకి పంపింది. కమిటీ పిలిచింది. పొడవాటి బల్ల చుట్టూ ఐదుగురు కూర్చున్నారు. పెద్ద డాక్టరు అరగంట మాట్లాడాడు. తన అనుభవం, తన డిగ్రీలు, చిన్నవాళ్ళ తొందరపాటు, పనివాళ్ళ నోటి దురుసు. అంతా విన్నాక కమిటీ పెద్దావిడ, ఒకప్పటి పశువుల డాక్టరే, ఒక్కటే అడిగింది.

"ఆ పది మిల్లీమీటర్ల నియమం మనం ఎక్కడి నుంచి తెచ్చుకున్నాం? బతికున్న కుక్క మీద గీసే గీతకా, సీసాలో ముక్కకా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"...ఒంటి మీద గీసే గీతకే."

"మరి ఇన్నాళ్ళూ?"

ఆయన తన ముందున్న కాగితాలు సర్దుకున్నాడు.

రిపోర్టు కాగితం మారింది. ఒంటి మీద, తాజాగా, ఫార్మలిన్ తర్వాత, అని మూడు గడులు వచ్చాయి. రెండోసారి కోయాలంటే ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలన్నారు. సీసాలక్కను మళ్ళీ ఆమె గదికి పంపారు. పెద్ద డాక్టరు కుర్చీ మాత్రం కదల్లేదు. ఆయన ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. టైలరమ్మకు కూడా.

"మిగతా పద్దెనిమిది మందికి ఉత్తరాలు రాయాలండీ," అంది సీసాలక్క, కమిటీ లేవబోతుంటే.

"జరిగిందేదో జరిగిపోయింది. ఇప్పుడు చెప్తే వాళ్ళకు బాధే కదా," అన్నాడు ఒకాయన.

"బాధ వాళ్ళదండీ. పడాలో వద్దో వాళ్ళు చూసుకుంటారు. దాచడానికి మనమెవరం?"

ఆయన ఫైలు మూసేశాడు. చివరికి పెద్దావిడ, "కమిటీ తరఫున ఉత్తరం రాదు. మీరిద్దరూ వెళ్ళి చెప్తామంటే నేను అడ్డు చెప్పను," అంది. అంతవరకే ఆవిడ ధైర్యం.

సీసాలక్క మళ్ళీ టైలరమ్మ కొట్టుకు వెళ్ళింది. ఈసారి గుమ్మం బయటే నిలబడి, పట్టీ గురించి చెప్పింది.

"పద్దెనిమిది మందా?" అంది టైలరమ్మ. "నాకు జరిగింది ఇంకా పద్దెనిమిది మందికి జరిగిందా?" మిషను ఆపేసి లేచింది. "నీ మీద కోపం పోలేదు నాకు. పోతుందని కూడా అనుకోకు. కానీ నువ్వొక్కదానివే పోతే సగం చెప్పి వస్తావు. నేనూ వస్తాను పద."

చిన్న డాక్టరుతో కలిసి ముగ్గురూ ప్రతి ఆదివారం తిరిగారు. పద్దెనిమిదిలో పదకొండు ఇళ్ళు దొరికాయి. ఒక ఇంట్లో కుక్క ఎప్పుడో ముసలితనంతో పోయింది. "వదిలెయ్యండమ్మా, దాన్ని సుఖంగా పడుకోనివ్వండి" అని తలుపేశారు. ఒకావిడ ముగ్గురికీ మంచినీళ్ళిచ్చి, విని, ఆ తర్వాత గ్లాసులు తీసుకెళ్ళిపోయి మళ్ళీ బయటికి రాలేదు. ఒకతను ఫిర్యాదు రాస్తానని అప్పటికప్పుడే కాగితం తీశాడు. అందరూ కోప్పడ్డారు, ఆ కోపం ఎక్కువగా సీసాలక్క మీదే పడింది. ఎదురుగా ఉన్నది ఆమే కదా. ఆమె పడింది.

చివరి ఇంట్లో ఒక లెక్కల మాస్టారు ఉన్నాడు. ఆయన కుక్కకు ఒక చెవి లేదు. ఒకవైపు నున్నగా ఉంది దాని తల. మాస్టారు మూడు అంకెలనూ రాయించుకుని, రెండుసార్లు చదువుకుని, సీసాలక్క వైపు తిరిగాడు.

"ఒంటి మీద ఎంత?"

"పద్నాలుగండి."

"మీ కాగితంలో?"

"తొమ్మిదిన్నర."

"నా దగ్గర పిల్లలు ఇలా కొలిస్తే గోడకుర్చీ వేయిస్తాను," అన్నాడు. కుక్క ఆయన మోకాలి మీద తల పెట్టింది. చెవి ఉండాల్సిన చోట ఆయన వేళ్ళు అలవాటుగా నిమిరాయి. కాసేపటికి ఆయన అడిగాడు: "ఆ డాక్టరు రేపు ఆసుపత్రిలో ఎన్ని గంటలకు ఉంటాడు?"

"తొమ్మిదింటికి వస్తారండి," అంది సీసాలక్క. "మీతో నేనూ వస్తాను."